మూడో అంతస్తులో ఎదురు

మా బావగారు రామచంద్రయ్య తన గది నుంచి లిఫ్టు దాకా పోవాలంటే నా గుమ్మం ముందు నుంచే పోవాలి. వేరే దారి లేదు. హైదరాబాదులో అంత పెద్ద హోటల్లో, ఆయన గదికి సరిగ్గా ఎదురుగా ఉన్న గది నాకు దొరికేట్టు చేసినవాడు నా తమ్ముడు గోవర్ధన్.

బావగారంటే మా ఆయన వెంకటనర్సయ్యకు సొంత అన్న. మిర్యాలగూడలో అన్నదమ్ములిద్దరికీ కలిపి ఒక బియ్యం మిల్లు. సాగర్ కాలువ నీళ్ళు వచ్చి ఊరి చుట్టూ వరి పచ్చబడిన ఏడే మిల్లు పెట్టారు. అది నిలదొక్కుకోకముందే మా ఆయన గుండెనొప్పితో పోయాడు. అప్పటినుంచి ఆ ఇంట్లో నాకు ఒకటే పని ఒప్పజెప్పారు. కనబడకుండా ఉండడం.

లారీలు బయలుదేరేటప్పుడు, బావగారు మిల్లులో గద్దె మీద కూర్చోవడానికి పోయేటప్పుడు నేను వెనక వాకిట్లో ఉండాలి. ఆయనకు ఎదురు రావడం మా తోటికోడలు స్వరాజ్యలక్ష్మి పని. నిండు చెంబు పట్టుకుని గేటు దగ్గర నుంచి నడిచి వచ్చేది. ఆయన ఆ ముఖం చూసి, చెప్పులు వేసుకుని, కదిలేవాడు. ఎప్పుడైనా పొరపాటున నేను కంటపడితే వెనక్కి తిరిగి, కాళ్ళు కడుక్కుని, కాసేపు కూర్చుని, నీళ్ళు తాగి మళ్ళీ బయలుదేరేవాడు. నన్ను ఒక్క మాట కూడా అనేవాడు కాదు. తమ్ముడి భార్యతో నేరుగా మాట్లాడే ఆచారం మా ఇళ్ళల్లో లేదు. గోడ వైపు చూస్తూ మా తోటికోడలితో అనేవాడు.

"లోపలుండమని చెప్పలే?"

ఇదంతా ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది పుష్పలత పెళ్ళినాడు జరిగింది.

పుష్పలత నా ఒక్కతే కూతురు. సూర్యాపేట సంబంధం. మిల్లు ఆవరణలో వడ్లు ఆరబోసే గచ్చు మీదనే పందిరి వేశారు. పీటల మీద బావగారు దంపతులు కూర్చుంటారని నాకు తెలుసు. నేను అడిగింది ఒక్కటే. ఆడవాళ్ళందరి వెనకా నిలబడి, తాళి కట్టేటప్పుడు ఒక్కసారి చూస్తానన్నాను. ఆయన సరేననలేదు, కాదనలేదు. తెల్లవారగానే నన్ను గోనెసంచుల గదిలో కూర్చోబెట్టి బయట గొళ్ళెం పెట్టించాడు. ఆ గదికి కిటికీ లేదు. గట్టిమేళం మోగినప్పుడే నా బిడ్డ మెడలో తాళి పడిందని తెలిసింది. సంచుల దుమ్ముకు దగ్గు వస్తే కొంగు నోట్లో కుక్కుకున్నాను. మగపెళ్ళివారు వింటే పిల్లకు మాట వస్తుందని.

పుష్పలతను గంపలో ఎత్తుకుని పందిట్లోకి తెచ్చినవాడు గోవర్ధన్. మేనమామ కదా. ఆ గది ముందు నుంచే తీసుకుపోయాడు. అంతా అయ్యాక వచ్చి గొళ్ళెం తీసి, "ఏం చేస్తాం అక్కా, మగపెళ్ళోళ్ళ ముందు గొడవెందుకని ఊరుకున్నా" అన్నాడు. వాడి మీద నాకు కోపం రాలేదు. పగంతా ఒక్కరి మీదే పెట్టుకున్నాను. ఇద్దరికి పంచితే పలచబడుతుంది.

గోవర్ధన్‌కు కోదాడలో మిల్లు ఉంది. మా వైపు మిల్లర్ల సంఘానికి అధ్యక్షుడు కావాలని వాడికి ఎన్నాళ్ళ నుంచో ఆశ. అదే ఆశ మా బావగారిదీ. ఆ ఏడు రాష్ట్రంలోని మిల్లర్లందరికీ హైదరాబాదులో పెద్ద సభ పెట్టారు. మనవాళ్ళంతా ఎట్లాగూ అక్కడికే వస్తున్నారు కదా అని మా సంఘం ఎన్నిక కూడా ఆ హోటల్లోనే పెట్టుకున్నారు. పుట్టింటికి పోతానని చెప్పి నేను కోదాడలో ఉన్న రోజుల్లో గోవర్ధన్ వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"అక్కా, హైద్రాబాద్ వస్తావా?"

"నాకేం పనిరా ఆడ?"

"పనేం లేదు. మీ బావ గదికి ఎదురుగా నీకో గది తీసుకున్నా. పొద్దున్నే లేచి, తానం చేసి, తలుపు తీసుకుని వాకిట్లో కూసో. అంతే."

నన్ను ఎందుకు తీసుకుపోతున్నాడో వాడు దాచలేదు. నేను ఎందుకు వస్తున్నానో నేనూ దాచలేదు. అక్కాతమ్ముళ్ళం కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వుకున్నాం.

ఆ హోటల్ గురించి చెప్పాలంటే, మా మిల్లు, గోదాములు, గచ్చు అన్నీ దాని కింది హాల్లో పట్టేస్తాయి. నేల మీద తివాచీ, పైన గాజుదీపాల గుత్తులు. ఎటు చూసినా మిల్లర్లే. ప్రతివాడి రొమ్ము మీద పేరు రాసిన బిళ్ళ. వరంగల్ వాళ్ళు, నిజామాబాద్ వాళ్ళు, గోదావరి జిల్లాల వాళ్ళు. సోఫాల మీద కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుని తవుడు గురించి, సర్కారుకు పోయవలసిన లెవీ గురించి మాట్లాడుకుంటున్నారు. కిటికీ కమ్ములకు పంచెలు ఆరేశారు. ఎవరో శుభమని చెప్పి పాలరాతి మెట్టు మీద కొబ్బరికాయ కొడితే, మేనేజరు పరుగెత్తుకొచ్చి ఆ మెట్టును చేత్తో తడుముతూ నిలబడ్డాడు.

నా గదిలో పరుపు మీద కూర్చుంటే మనిషి మునిగిపోతున్నది. దుప్పటి తీసి కింద పరుచుకున్నాను. వెంట తెచ్చుకున్న అటుకులు, పెరుగు, అరటిపళ్ళు తిన్నాను. మంచినీళ్ళు తెచ్చిన బేరర్ ఉప్పలయ్యది నడిగూడెం అట. మా కోదాడ పక్క ఊరే. మాట వినగానే ప్రాణం లేచి వచ్చింది. ఎదురుగదిలోకి మిర్యాలగూడ సేటు దంపతులు వచ్చారని అతనే చెప్పాడు. ఆ సాయంత్రం నేను గది దాటలేదు. నేను వచ్చినట్టు వాళ్ళకు తెలియకూడదు.

మర్నాడు శుక్రవారం. రాహుకాలం రాకముందే ఎన్నిక ముగిసిపోవాలని పంచాంగం చూపించి మరీ సమయం పెట్టించినవాడు మా బావగారే. పేరు పిలిచినప్పుడు మనిషి హాల్లో ఉండాలి, లేచి ఒప్పుకున్నానని చెప్పాలి. లేకపోతే ఆ పేరు తీసేస్తారు. ఆయనకే ఓట్లు ఎక్కువని అందరూ అనుకుంటున్నారు. ఆయన హాల్లోకి అడుగుపెడితే చాలు. ఆ అడుగే పడకూడదని నేను తలుపు బార్లా తీసి గుమ్మంలో కుర్చీ వేసుకున్నాను.

ముందు మా తోటికోడలు బయటికి వచ్చింది. పట్టుచీర, చేతిలో వెండి చెంబు. అక్కడ కూడా ఎదురు రావడానికే ఆమెను వెంట తెచ్చాడన్నమాట. లిఫ్టు వైపు పోతూ నన్ను చూసి ఆగిపోయింది. చెంబులో నీళ్ళు తొణికి తివాచీ మీద పడ్డాయి.

"నువ్వెప్పుడొచ్చినవే కన్యకా?"

"నిన్ననే అక్కా. గోవర్ధన్ తోలుకొచ్చిండు."

ఆమెకు మిగతాది చెప్పనక్కరలేకపోయింది. అంతలో వెనక తలుపు తెరుచుకుంది. బావగారు జరీ కండువాతో ఒక కాలు బయట పెట్టి తల ఎత్తాడు. భార్య భుజం మీదుగా నా ముఖం కనబడింది. కాలు లోపలికి పోయింది. తలుపు పడింది.

లోపల నీళ్ళ చప్పుడు. కాళ్ళు కడుక్కుంటున్నాడు. కాసేపటికి మళ్ళీ తలుపు కొంచెం తెరుచుకుంది. నేను అక్కడే ఉన్నాను. మళ్ళీ పడింది. మళ్ళీ నీళ్ళ చప్పుడు.

"ఏందే గిది?" అన్నది మా తోటికోడలు గొంతు తగ్గించి. "జర లోపలికి పో. ఆయన సభకు పోవాలె."

"నేనాపిన్నా అక్కా? తలుపు మీది, కాళ్ళు ఆయనయి."

"నీకు దండం పెడత."

"నాకు దండం పెట్టకు. పొద్దుగాల పొద్దుగాల ముత్తైదువవు, నీకు మంచిది గాదు."

ఆమె పెదవి కొరుక్కుంది. నవ్వు ఆపుకుందో, ఏడుపు ఆపుకుందో నాకు తెలియలేదు.

బావగారు లోపల నుంచి టెలిఫోను చేసినట్టున్నాడు, మేనేజరు వచ్చాడు. టై కట్టుకున్న సన్నటి మనిషి. నిన్నటి కొబ్బరికాయ కోపం ఇంకా ముఖంలో ఉంది.

"అమ్మా, మీ వల్ల ఆ సార్‌కు తక్లీఫ్ అయితుందంట. ఏం చేస్తున్నరు మీరు?"

"కూసున్న బాబూ."

"అంతేనా?"

"అంతే."

ఆయన ఎదురు తలుపు తట్టాడు. "సార్, అమ్మ ఊకెనే కూసున్నరు."

"గదే!" అని లోపల నుంచి అరుపు వినిపించింది. "గట్ల కూసునుడే!"

"ఆమెకు గూడ గది కిరాయికిచ్చినం సార్. కూసోవద్దని ఎట్ల చెప్పాలె? మీరు రండి, నేను వెంట వస్త."

"ఎదురైతది!"

"ఏమైతది సార్?"

మేనేజరు నన్నూ, చెంబు పట్టుకుని నిలబడ్డ మా తోటికోడలినీ మార్చి మార్చి చూసి, తల పట్టుకుని వెళ్ళిపోయాడు.

కింద హాల్లో సన్నాయి మొదలైంది. బావగారి కిటికీ హాలు వైపే ఉంటుంది. నాకే అంత బాగా వినబడుతుంటే ఆయనకు ఇంకా బాగా వినబడుతుంటుంది. అదే సమయంలో నా గదిలో టెలిఫోను మోగింది. లేవబోయాను. ఎదురు తలుపుకు, లోపలివాళ్ళు బయటికి చూసుకోవడానికి, చిన్న గాజు కన్ను ఉంటుంది. అప్పటిదాకా వెలుతురుగా ఉన్న ఆ కన్ను నల్లగా అయింది. ఆయన అక్కడ కన్ను ఆనించి ఉన్నాడు. నేను లోపలికి పోతే బయటికి రావాలని! కుర్చీలోనే కూర్చుండిపోయాను. టీ గ్లాసులు పట్టుకుపోతున్న ఉప్పలయ్యను పిలిచాను.

"ఉప్పలయ్యా, గా ఫోను జర గిట్లందియ్యి."

అతను తీగ గుమ్మం దాకా లాగి నా చేతికిచ్చాడు.

"కన్యకమ్మనా?"

ఆ ఇంటికి కోడలుగా వచ్చినప్పటినుంచి ఆయన నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదలు. ఫోను తలుపు దాకా లాక్కుని మాట్లాడుతున్నట్టున్నాడు, ఒకే గొంతు చెవిలో ఒకసారి, తలుపు వెనక నుంచి ఒకసారి వినిపించింది.

"చెప్పుండ్రి బావగారూ."

"ఏం గావాలె నీకు?"

నేను ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

"మిల్లుల తమ్ముని భాగం నీ పేరు మీదికి చేయిస్త. ఇయ్యాల్నే చేయిస్త. జర లోపలికి పో."

ఆ మాట ఎప్పుడైనా అంటాడా అని ఎన్నో రాత్రులు అనుకున్నాను. అంటే ఏం చేయాలో కూడా అనుకున్నాను. ముందు గేటు పక్కన గది కట్టించుకుంటాను, పుష్పలత పురిటికి వస్తే అందులో ఉంచుకుంటాను. అవన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. కింద సన్నాయి ఆపకుండా వాయిస్తున్నారు.

"నాకు భాగం వద్దు."

"మరేం గావాలె?"

"మీరు గాడ కూసోవాలె."

"ఎందుకు?"

"గోనెసంచుల గదిల నేను గూసున్న. నా బిడ్డ పెండ్లి బాజా తలుపెనక నుంచి విన్న. మీరు గూడ వినుండ్రి, ఎట్లుంటదో."



"గట్ల జేసుడు శాస్త్రం కన్యకమ్మా. నేను పెట్టిన్నా?"

"నేను గూడ శాస్త్రం తప్పలే బావగారూ. విధవదాన్ని, వాకిట్ల కూసున్న. ఎనక్కి మలిగేది మీరే గద."

టెలిఫోను పెట్టేశాడు. నేను ఉప్పలయ్యకు ఇచ్చేశాను. అతని చేతిలో టీలు చల్లారిపోయాయి. అయినా పోడు.

తర్వాత మా బావగారు చేసిన పని చూస్తే, నాకు అంత పగ లేకపోతే జాలి కలిగేది. తలుపు తెరిచి, తల మీద నుంచి గడ్డం కిందికి హోటల్ తువ్వాలు కప్పుకుని బయటికి వచ్చాడు. నన్ను చూడకపోతే ఎదురు కాదు కదా. మా తోటికోడలు చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నది. కళ్ళకు గంతలు కట్టిన గానుగెద్దు లాగా కాలు తడుముకుంటూ నా ముందుకు వచ్చాడు. ఇంకొంచెం పోతే లిఫ్టు.

"ఎటు బయలెల్లినరు బావగారూ?" అన్నాను మర్యాదగా.

బయలుదేరిన మనిషిని ఎక్కడికని అడగకూడదని మా ఇళ్ళల్లో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. ఎదురు కంటే అది పెద్ద దోషం. తువ్వాలు అక్కడే ఆగిపోయింది. లోపల నుంచి పండ్లు నూరిన చప్పుడు వచ్చింది.

"స్వరాజ్యం, మలుపు" అన్నాడు.

ఆమె వెనక్కి తిప్పి తీసుకుపోయింది. ఆయన్ను లోపల వదిలి తను మాత్రం బయటే ఉండి, గోడకు ఆనుకుని నిలబడింది.

"ఆయన ఎదురు రమ్మంటే వస్త, పట్టుకపొమ్మంటే పట్టుకపోత" అన్నది ఎవరితోనో అన్నట్టు. "ఆయన పక్కన మాత్రం ఎన్నడు నడవలే. ఇయ్యాల నడిచిన, అది గూడ తువ్వాలేసుకున్నంక."

కింద సన్నాయి ఆగి మైకు మొదలైంది. మిర్యాలగూడ రామచంద్రయ్యగారు అని పిలిచారు. హాల్లో ఉంటే లేవాలన్నారు. మళ్ళీ పిలిచారు. పైకి పోయి చూసి రండని ఎవరో అంటే, "రాహుకాలం నెత్తి మీదికొస్తున్నదయ్యా, ఎంతసేపు?" అని ఇంకెవరో అరిచారు. ఎదురు తలుపు గాజు కన్ను మళ్ళీ నల్లబడింది. నేను సరిగ్గా దానిలోకే చూస్తూ కూర్చున్నాను. చివరిసారి పిలిచి, పేరు తీసేశారు. తర్వాత కోదాడ గోవర్ధన్ గారు అన్నారు. చప్పట్లు మూడో అంతస్తు దాకా వచ్చాయి.

పచ్చి చింతకాయ కొరికితే దవడలు లాగుతాయి చూడండి, నాకు ఆ సంతోషం అట్లా దవడల్లో తెలిసింది. పుష్పలత పెళ్ళి తర్వాత ఇంకే సంతోషమూ నాకు అంత లోపలికి పోలేదు.

గోవర్ధన్ లిఫ్టు దిగి పరుగులాంటి నడకతో వచ్చాడు. వెనక కోదాడ మిల్లర్లు ఇద్దరు.

"గెలిచాం అక్కా! పట్టుపంచె కట్టుకుని పోయి కుర్చీలో కూర్చోవడమే ఇంక. రాహుకాలం రాకముందే కూర్చోవాలి."

నా తల మీదుగా గాల్లోనే చెయ్యి తిప్పి, నా గది అవతల ఉన్న తన గదిలోకి పోయాడు. పంచె మార్చుకుని, బొట్టు పెట్టుకుని, మెడలో పూలదండతో బయటికి వచ్చాడు. పెళ్ళికొడుకు లాగా ఉన్నాడు. అమ్మ బతికి లేదు, దీవించడానికి నేనే కదా ఉన్నాననుకుని లేచి చెయ్యి చాపాను. వాడు నా చేతికి అందనంత దూరంలో ఆగిపోయాడు.

"అక్కా, నువ్వు కాస్త గదిలోకి పోతావా?"

"నేనురా."

"నువ్వని తెలుసులే. అందుకే అంటున్నా. కుర్చీ ఎక్కబోతున్నా గదా. పొద్దున్నుంచి మీ బావ అవస్థ సూస్తానే ఉంటివి!" అని నవ్వాడు. వెనక ఇద్దరూ నవ్వారు. వాళ్ళలో ఒకడు, "ఒక్క నిమిషం అమ్మా, ఆయన దాటిపోయిందాక" అన్నాడు.

బావగారి పిచ్చిని గోవర్ధన్ వాడుకుంటున్నాడని మాత్రమే అనుకున్నాను. ఆ పిచ్చి వాడికీ ఉందని అనుకోలేదు. ఒకాయన నన్ను చీకట్లో దాచాడు. వీడు పట్టుకొచ్చి గుమ్మానికి కట్టాడు, దిష్టిబొమ్మను కట్టినట్టు. పని అయిపోయింది కాబట్టి ఇప్పుడు వీడికి నేను కనబడకూడదు.

"సరే" అన్నాను.

గోవర్ధన్ ముఖం తేటపడింది. నేను గుమ్మంలోని కుర్చీ రెండు చేతులతో ఎత్తి, వరండా మధ్యకు తెచ్చి వేసుకుని, వాడికి ఎదురుగా కూర్చున్నాను.

"పో."

"అక్కా!"

"పోరా. నేనేమన్న పట్టుకున్ననా?"

"నీకిదేం పొయ్యేకాలం అక్కా! టైము దాటిపోతంది!"

"దాటనియ్యి."

వాడు ఒక అడుగు ముందుకు వేశాడు. నేను కొంగు సర్దుకుని తల ఎత్తి వాడి కళ్ళలోకి చూశాను. ఆ అడుగు వెనక్కి పోయింది. వెంట వచ్చినవాళ్ళలో ఒకడు గోడకు ఆనుకుని ఉన్న మా తోటికోడలిని చూసి చేతులు జోడించాడు.

"అమ్మా, చెంబుతోటి సిద్ధంగా ఉన్నరు. మా అధ్యక్షులకు జర ఎదురు రండి. లక్ష్మీదేవోలె ఉన్నరు."

స్వరాజ్యలక్ష్మి అతన్ని చూసింది, నన్ను చూసింది. చెంబు ఎత్తి, గటగటా నీళ్ళన్నీ తాగేసి, మూతి తుడుచుకుంది.

"పొద్దటి సంది దప్పికైతంది నాయనా" అని ఖాళీ చెంబు చంకలో పెట్టుకుంది.

గోవర్ధన్ దండ తీసి చేత్తో పట్టుకుని తన గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు. లోపల నీళ్ళ చప్పుడు మొదలైంది. కింద మైకులో అధ్యక్షులవారు రావాలి, త్వరగా రావాలి అంటున్నారు. ఆ గొంతులో తొందర పోయి విసుగు వచ్చింది. గోవర్ధన్ పేరు వదిలేసి ఇంకెవరి పేరో చదివారు.

అప్పుడు మా బావగారు బయటికి వచ్చాడు. తువ్వాలు లేదు, జరీ కండువా లేదు. పోవలసిన శుభకార్యం ఇంకేమీ లేదు కాబట్టి నేనంటే ఆయనకు భయం లేదు. నా కుర్చీ దగ్గరికి వచ్చి, మా ఆయన పోయిన తర్వాత మొదటిసారి నా ముఖంలోకి నేరుగా చూశాడు. మనిషి ఒక్కపూటలో ముసలివాడైపోయాడు.

"నన్ను ఆపినవ్, సరే. నా మీద నీకు పగున్నది" అన్నాడు. "నీ తమ్ముడేం జేసిండు? నిన్ను ఈడికి తోలుకొచ్చినోడే గదా?"

"మీరు పరాయోళ్ళు బావగారూ" అన్నాను. "వాడు నా తోడబుట్టినోడు."

భార్యను రమ్మని సైగ చేసి ముందు నడిచాడు. ఆమె ఆయన వెనక పోకుండా పక్కన పోయింది. లిఫ్టు వాళ్ళను తీసుకుని కిందికి దిగింది. నేను మాత్రం కుర్చీ కొంచెం తిప్పుకుని, గోవర్ధన్ గది తలుపు వైపు ముఖం పెట్టి కూర్చున్నాను.